భద్రమ్మ రాట్నం, మా వైపర్ మోటారు

ఇప్పటిదాకా జరిగిందంతా ఒక్క ముక్కలో చెప్పాలంటే, మా అబ్బా ఒక కారుని దానం చేసేశాడు. ఒకేసారి కాదు. పదిహేనేళ్ల పాటు, ముక్కముక్కగా.

కారు మాది కాదు. గొడవంతా అక్కడే. 1989లో డాక్టర్ ఛాయాదేవి నాగపూర్ వెళ్తూ తన క్రీమ్ కలర్ హెరాల్డ్‌ని ఆటోనగర్‌లో మా షెడ్డుకి తోలుకొచ్చింది. తాళంచెవి అబ్బా చేతిలో పెట్టి, నేను వచ్చేదాకా ఉంచు సిరాజ్ అంది. అమానత్ అన్నాడు అబ్బా. అంటే ఒకరు నమ్మి అప్పగించిన వస్తువు. దాన్నే తిరిగి ఇవ్వాలి. అలాంటిది ఇంకోటి ఇస్తే చెల్లదు.

డాక్టరమ్మ ఏడాదికి రాలేదు, ఐదేళ్లకీ రాలేదు. ఈలోగా షెడ్డు ముందు ఎవరి బండి ఆగిపోయినా అబ్బా కళ్లు మూలనున్న హెరాల్డ్ మీదకి పోయేవి. రెండ్రోజుల్లో తెచ్చిస్తానన్నవాడికి డైనమో ఇచ్చాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నవాడికి రేడియేటర్ ఇచ్చాడు. ఏమీ అడక్కుండా గుమ్మంలో నిలబడ్డవాడికి హెడ్‌లైట్లు ఇచ్చాడు. ఎవరూ తిరిగి తేలేదు. అబ్బా అడగనూ లేదు.

రెండు వారాల కిందట డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఆదివారం పదకొండింటి విమానానికి గన్నవరంలో దిగుతోంది. నా హెరాల్డ్ వేసుకుని రా, అందులోనే ఇంటికెళ్దాం అంది. ఫోన్ పెట్టేశాక అబ్బా కారు ముందు పావుగంట నిలబడ్డాడు. కారు అనడం మర్యాద కోసం. అప్పటికది నాలుగు ఇటుకల మీద నిలబెట్టిన రేకు డబ్బా.

నేను బీటెక్ ఎలక్ట్రానిక్స్. ఆఫర్ లెటర్ ఉంది, అందులో జాయినింగ్ డేట్ మాత్రం లేదు. అందుకని నా చదువంతా ఒక ఎక్సెల్ షీట్‌లో పోశాను. ఏ పార్టు, ఎవరికి, ఏ ఊరు. పద్నాలుగు వరసలు. పన్నెండు రోజుల్లో పన్నెండు వరసలు పచ్చరంగులోకి వచ్చాయి. ముందు గ్రిల్లు గుడివాడలో కోళ్లగూటికి తలుపై ఉంటే, కొత్త తలుపు చేయించి మరీ విప్పుకొచ్చాం. కోళ్లు రెండు మాత్రం గొడవ చేశాయి.

శుక్రవారం పొద్దుటికి ఎర్రగా మిగిలినవి రెండు. ఒకటి వైపర్ మోటారు. రెండోది చిలక.

చిలకంటే గేరు రాడ్ మీద పిడి. కొండపల్లి బొమ్మలు చేసే ఒకాయన, తన భార్యకి కాన్పు చేసిందని, డాక్టరమ్మకి తెల్ల పొణికి కర్రతో ఒక చిలక తల చెక్కి, ఆకుపచ్చ లక్క రంగు వేసి, అడుగున రాడ్‌కి ఎక్కేలా ఇత్తడి బుష్ బిగించి ఇచ్చాడట. ప్రపంచంలో అలాంటిది ఇంకోటి లేదు. డాక్టరమ్మ వెళ్లిపోయాక, ఏడేళ్లప్పుడు నేను దాని ముక్కు కొస కొరికేశాను కాబట్టి, ఉన్నా గుర్తుపడతాను. కారులో మిగతావన్నీ డాక్టరమ్మ చూస్తేనో వింటేనో తెలుస్తాయి. చిలక అలా కాదు, చెయ్యి వేయగానే తెలిసిపోతుంది.

షీట్‌లో చిలక పక్కన 'ఎవరికి' అన్న గడి ఖాళీ. ఎవరికిచ్చానో గుర్తులేదన్నాడు అబ్బా. పోయినవారం అమ్మీ ఏడుస్తూ ఆ గడి నింపింది. 1993లో షెడ్డు మూలనున్న తుక్కు గోనెసంచిని పాత సామాన్లవాడికి వేసి స్టీలు బేసిన్ తీసుకుందట. చిలక అందులోనే పోయుంటుందని అప్పటినుంచీ ఆవిడ లోపల్లోపలే కుములుతోంది. ఆ బేసిన్‌లో అమ్మీ ఇన్నేళ్లలో ఒక్కరోజూ అన్నం వార్చలేదు, ఎందుకో మాకిప్పుడు తెలిసింది. పోనీలే ఫరహత్, తెలిసి చేశావా ఏంటి అన్నాడు అబ్బా. ఆ మాటకి అమ్మీ ఇంకా ఎక్కువ ఏడ్చింది. మా నాన్నంత మంచివాడు లేడనుకున్నాను నేను.

సరే, మోటారు. రేడియోలో అల్పపీడనం అంటున్నారు. గన్నవరం హైవే మీద వైపర్ లేకుండా వానలో వెళ్లడం కుదరదు. ఏదో ఒక మోటారు పెట్టేద్దాం, పన్నెండు వోల్టులే కదా అంటే అబ్బా నా వైపు చూసిన చూపుకి నా డిగ్రీ సర్టిఫికెట్ అంచులు కాలిపోయాయి. అదే మోటారు కావాలి. అది 1996లో పెడనలో భద్రమ్మ అనే ఆవిడకి వెళ్లింది. అడగడానికి తనకి మొహం చెల్లదన్నాడు. నాకు చెల్లుతుందా అని ఎవరూ అడగలేదు. ఆటోనగర్‌లో పాత లారీ వైపర్ మోటారు ఒకటి కొని, గుడివాడ మీదుగా వెళ్లే బస్సెక్కాను. సంచిలో మోటారు, ఒక స్పానర్ల కట్ట, అమ్మీ కట్టిచ్చిన పులిహోర.

పెడనలో ఆ వీధికి డోర్ నంబర్లు అక్కర్లేదు, మగ్గాల చప్పుడు పట్టుకుని వెళ్లిపోవచ్చు. భద్రమ్మ ఇంటి ముందుగదిలో గుంటమగ్గం. అందులో నడుందాకా దిగి నేస్తున్నాడు ఆవిడ కొడుకు రాంబాబు. వరండాలో భద్రమ్మ, డెబ్బై దాటిన మనిషి, రాట్నం ముందు కూర్చుని మగ్గానికి దారం కండెలు చుడుతోంది. రాట్నం అంటే సైకిల్ రిమ్ము. రిమ్ము నుంచి తాడు, కండెని తిప్పే కదురుకి వెళ్తోంది. కానీ రిమ్మును తిప్పుతున్నది ఆవిడ చెయ్యి కాదు. కింద పీట మీద, పక్కన బ్యాటరీతో, కలంకారీ గుడ్డముక్కతో కుట్టిన చొక్కా తొడుక్కుని, మా వైపర్ మోటారు.

పద్నాలుగులో పదమూడోది.

ఆటోనగర్ సిరాజ్ గారమ్మాయినండీ అనగానే భద్రమ్మ మొహం చాటంతైంది. మజ్జిగ ఇచ్చింది. ఇంకో గ్లాసు ఇచ్చింది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగి, అతుక్కున్నా పట్టు రాక, కండెలు చుట్టేవాళ్లు లేక మగ్గం ఆగిపోయిన రోజులు చెప్పింది. రాంబాబు అప్పట్లో నూలు వ్యాను నడిపేవాడట. మా షెడ్డులో వ్యాను బాగుచేయించుకుంటూ అమ్మ చెయ్యి సంగతి మాటల్లో అన్నాడు, అంతే. మర్నాటి బస్సుకి అబ్బా మోటారు పట్టుకుని పెడనలో దిగాడు. రిమ్ముకి పుల్లీ బిగించి, తిప్పి చూపించి, భోజనం కూడా చేయకుండా వెళ్లిపోయాడు.

"ఆ మహానుభావుడు చల్లగా ఉండాలమ్మాయ్. ప్రతి దసరాకీ దీనికి బొట్టు పెడతా."

గుడ్డ చొక్కా పైకెత్తి చూపించింది. మోటారు మీద మూడు చుక్కలు, ముక్కోణంలో. ఒక్కో చుక్కలో కుంకం.

ఆ చుక్కల సంగతి చెప్పాలి. అబ్బా ఏ బండి విప్పినా, తన చేత్తో విప్పిన ప్రతి ముక్క మీదా సెంటర్ పంచ్ పెట్టి సుత్తితో చుక్కలు కొడతాడు. ఒక్కో బండికి ఒక్కో లెక్క. హెరాల్డ్‌కి మూడు, ముక్కోణం. ఇంకొకళ్లు విప్పితే చుక్కలుండవు. మేం పన్నెండు పార్టుల్నీ ఊళ్లలో అలాగే పట్టుకున్నాం. మాది కాదన్నవాళ్లకి చుక్కలు చూపించాం.

ఇక్కడ ఎవరూ కాదనలేదు. పైగా బొట్టు పెట్టారు. దొంగతనం చేయడం ఇంతకంటే తేలికనిపించింది. మజ్జిగ గ్లాసు కింద పెట్టి, నేలకేసి చూస్తూ, డాక్టరమ్మ, అమానత్, ఆదివారం అన్నీ చెప్పేశాను.

భద్రమ్మ మోటారు తీగ లాగేసింది. రాట్నం ఆగింది. లోపల మగ్గం కూడా ఆగింది.

"ఇచ్చేటప్పుడు మీ నాన్న ఏమన్నాడో చెప్పనా? షెడ్డులో ఉన్న కారుకి వానేంటి మామ్మా, వైపర్ దేనికి, అన్నాడు."

"ఇప్పుడా కారు బయటికొస్తోందండీ, మామ్మగారూ."

"ఎనిమిదేళ్లకి వానొచ్చిందా మీకు." గట్టిగా కూడా అనలేదు. "ఇచ్చి మర్చిపోవాలి, లేకపోతే ఇవ్వకుండా గుర్తుపెట్టుకోవాలి. మీ నాన్న ఈ రెండిట్లో ఏదీ కాకపోతే ఎలా?"

పదిహేనేళ్లుగా అమ్మీ చెప్పలేకపోయిన మాట అది. నేను సంచిలోంచి లారీ మోటారు తీశాను. ఊరికే తీసుకుపోవడానికి రాలేదని, మీ పని ఒక్క పూట కూడా ఆగదని, బిగించి నడిపించాకే ఇది విప్పుతానని చెప్పాను. భద్రమ్మ దాన్ని ఎగాదిగా చూసింది. పెళ్లిచూపుల్లో నన్ను కూడా ఎవరూ అలా చూడలేదు. చివరికి, కానీ అంది.

పుల్లీ మార్చి, తీగలు కలిపాను. రిమ్ము గిర్రున తిరిగింది. కదురు ఈల వేసింది. దారం టప్పున తెగింది. ముడేసి మళ్లీ తిప్పాం. మళ్లీ తెగింది. మూడోసారి తెగిన కొస ఎగిరొచ్చి నా ముక్కుకి తగిలింది. రాంబాబు గుంటలోంచి పైకొచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇది లారీది. దీనికి దారం సంగతి తెలీదు," అంది భద్రమ్మ. తన మోటారుకి గుడ్డ చొక్కా మళ్లీ తొడగడం మొదలెట్టింది.

మూడింటికి తిరుగు బస్సు. నా బుర్ర హడావిడిగా ఫైనలియర్ లాబ్‌లోకి పరిగెత్తింది. స్పీడు తగ్గాలి. వోల్టేజ్ తగ్గితే స్పీడు తగ్గుతుంది. దారిలో ఏదో అడ్డం పెట్టాలి, కరెంటు కాస్త తినేది ఏదైనా. పెడనలో శుక్రవారం మధ్యాహ్నం రెసిస్టర్ ఎక్కడ దొరుకుతుంది? చుట్టూ చూశాను. వరండా పక్కన రాంబాబు స్కూటర్.

"రాంబాబు గారూ, మీ హెడ్‌లైట్ బల్బు ఒకసారి ఇస్తారా?"

"ఎందుకండీ?"

"ఒక్క రెండు నిమిషాలండీ," అన్నాను. ఈ రెండు నిమిషాలు, రెండ్రోజులు అన్న మాటల మీదే మా ఇల్లు ఇలా అయ్యిందని నోట్లోంచి వచ్చాక గుర్తొచ్చింది.

బల్బు విప్పి, బ్యాటరీకీ మోటారుకీ మధ్య తీగలో కలిపాను. కరెంటు మొదట బల్బులోంచి వెళ్లాలి, మిగిలిందే మోటారుకి. రిమ్ము నెమ్మదిగా, బద్ధకంగా, భోజనం చేసినవాడిలా తిరగడం మొదలెట్టింది. బల్బు పసుపుముద్దలా వెలిగింది. భద్రమ్మ దారం కొస కదురుకి అంటించి, రెండు వేళ్ల మధ్య వదిలింది. తెగలేదు. కండె నిండింది. ఇంకోటి పెట్టింది. అదీ నిండింది. మేం ముగ్గురం ఒక దారాన్ని చూస్తున్నాం. టీవీలో ఆఖరి ఓవర్ కూడా నేను అలా చూడలేదు.

నాలుగో కండె తీస్తూ భద్రమ్మ, దీపం కూడా వచ్చింది, సాయంకాలం పనికొస్తుంది అంది. నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో నాకు దొరికిన మొదటి డిస్టింక్షన్ అది. రాంబాబు మాత్రం కన్ను పోయిన స్కూటర్ వైపు చూస్తున్నాడు. రేపే కొత్త బల్బు పంపిస్తానన్నాను. ఆయన నవ్వి, మీరు సిరాజ్ గారమ్మాయే, అనుమానం లేదు అన్నాడు.

నేను పాత మోటారు విప్పి సంచిలో పెట్టుకుంటున్నాను. కుంకం తుడవబోతే భద్రమ్మ వారించింది, దాంతోనే వెళ్లనీ అని. తర్వాత లేచి, మోకాళ్లు పట్టుకుని, లోపలికి వెళ్లింది. ట్రంకుపెట్టె మూత చప్పుడైంది. చీరపోగులతో చుట్టిన ఒక చిన్న మూట తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"ఇక నీకు ఇవ్వచ్చు. వట్టి చేతుల్తో వచ్చుంటే ఇచ్చేదాన్ని కాదు. ఆవిడ అలాగే చెప్పింది."

ఎవరావిడ అన్నాను. భద్రమ్మ చెప్పుకొచ్చింది. రెండేళ్ల కిందట పెడనలో ఆడవాళ్లకి మెడికల్ క్యాంపు పెట్టారు. దానికొచ్చిన ఒక పెద్ద డాక్టరమ్మ చీరలు చూడ్డానికని ఇంటికొచ్చి, వరండాలో మోటారు చూసి ఆగిపోయింది. ఇది ఎక్కడిదని అడిగింది. ఆటోనగర్ సిరాజ్ గారు ఇచ్చారు, ఎవరిదో హెరాల్డ్ కారుదట అని భద్రమ్మ చెప్పింది. ఆవిడ వరండా మెట్టు మీద కూర్చుని, కళ్లజోడు తీసి తుడుచుకునేంతగా నవ్విందట. వెళ్లేటప్పుడు హ్యాండ్‌బ్యాగులోంచి ఈ మూట తీసి ఇచ్చింది. ఎప్పుడో ఒకరోజు ఈ మోటారు కోసం ఎవరో ఒకరు వస్తారు, నీ పని ఆగకుండా బదులు తెచ్చినవాళ్లకే ఇది ఇవ్వు, మిగతావాళ్లకి మజ్జిగిచ్చి పంపించెయ్ అని చెప్పింది.

"పేరు ఛాయాదేవి అంది. మీ డాక్టరమ్మ ఆవిడేనని నువ్వు చెప్పేదాకా నాకు తెలీదమ్మాయ్."

నాకు లేచి ఆ వీధంతా పరిగెత్తాలనిపించింది. డాక్టరమ్మకి తెలుసు. కారు ముక్కలైపోయిందని రెండేళ్లుగా తెలిసీ, నా హెరాల్డ్ వేసుకుని రా అని ఫోన్ చేసింది. మేం పన్నెండు రోజులుగా దేన్ని దాచాలని నిద్ర మానుకుని తిరిగామో, దాన్ని చూసి ఆవిడ ఎప్పుడో మెట్టు మీద కూర్చుని నవ్వేసింది. ఎవరూ ఏమీ దాచక్కర్లేదు. అబ్బా తలెత్తుకుని గన్నవరం వెళ్లొచ్చు.

పోగులు విప్పాను.

చిలక.

ఆకుపచ్చ లక్క అక్కడక్కడా లేచిపోయింది. ముక్కు కొస లేదు. విరిగినచోట బొటనవేలు పెట్టి చూసుకున్నాను, నా పాలపన్నంత గాటు. షీట్‌లో ఆఖరి గడి. పద్నాలుగుకి పద్నాలుగు. అమ్మీ ఎంత సంతోషపడుతుందో అనుకున్నాను. పదకొండేళ్ల బేసిన్ ఇవాళ పొయ్యెక్కుతుంది అనుకున్నాను. ఎంచక్కా పాత సామాన్లవాడి గోనెసంచిలోంచి ఎగిరి ఎక్కడెక్కడో తిరిగి డాక్టరమ్మ బ్యాగులోకి ఎలా వచ్చావే అని దాన్ని అడుగుతూ తిరగేశాను.

అడుగున ఇత్తడి బుష్ మీద మూడు చుక్కలు. ముక్కోణం.

గోనెసంచిలో వెళ్లిన చిలక మీద ఆ చుక్కలుండవు. పొరపాటున పోయినదాని మీదా, ఎవరో ఊడబెరికినదాని మీదా ఉండవు. సుత్తీ పంచూ తీసుకుని, కూర్చుని, జాగ్రత్తగా, మా అబ్బా తన చేత్తో విప్పితేనే ఉంటాయి. విప్పి ఇచ్చిందీ ఎవరికో కాదు. డాక్టరమ్మ బ్యాగులో ఉందంటే, డాక్టరమ్మకే. అంటే ఆవిడ వెళ్లాక మళ్లీ ఎప్పుడో వాళ్లిద్దరూ కలిశారు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఎవరికిచ్చానో గుర్తులేదన్నాడు అబ్బా. పోనీలే ఫరహత్ అన్నాడు. తను చేయని తప్పుకి అమ్మీ ఏడుస్తుంటే, ఆ తప్పు క్షమించాడు.

భద్రమ్మ నా మొహం చూసి, ఏమైంది, అది కాదా అంది. అదేనండీ అన్నాను. వీధిలోకి వెళ్లి, సెల్‌లో రెండు గీతల సిగ్నల్ దొరికేదాకా నడిచాను. ఎదురుగా బస్టాండులో గుడివాడ బస్సు ఇంజిన్ ఆపకుండా నిలబడి ఉంది. మొదటి చినుకులు పడుతున్నాయి.

అబ్బా మొదటి రింగుకే ఎత్తాడు. ఒక చేత్తో రేకు మీద సుత్తి కొడుతూనే ఉన్నాడు, వెనకాల షెడ్డులో అమ్మీ పాట. పొద్దుట్నుంచీ ఆవిడ బంపర్లకి చింతపండు పెట్టి తోముతోంది. మోటారు దొరికిందని చెప్పాను. అల్లాకి, భద్రమ్మకి, నాకు, అదే వరసలో దండం పెట్టాడు. ఆ గొంతులో ఉన్న సంతోషం విని, చెప్పకుండా ఉండిపోదామని ఒక్క క్షణం అనిపించింది.

"చిలక కూడా దొరికింది, అబ్బా."

సుత్తి ఆగింది.

"అడుగున మూడు చుక్కలున్నాయి," అన్నాను.

బస్సు కండక్టర్ రెండుసార్లు రైట్ రైట్ అన్నాడు.

"అఫ్సా," అన్నాడు అబ్బా చివరికి, చాలా చిన్నగా. "అది అమ్మీకి చూపించకు."

అమ్మీ పాట ఆపినట్టుంది. దూరంనుంచి ఆవిడ గొంతు వినిపించింది. "అఫ్సానా? చిలక సంగతేమైనా తెలిసిందేమో అడగండి."

అబ్బా ఫోన్‌ని అరచేత్తో మూశాడు. గ్రీజు చెయ్యి కదా, సరిగ్గా మూతపడలేదు.

"లేదంట," అన్నాడు.

కాసేపు బంపర్ మీద రుద్దుతున్న చప్పుడు. తర్వాత అమ్మీ, తనలో తనే అనుకుంటున్నట్టు, "అంతా నావల్లే," అంది.

బస్సు కదిలింది. నేను ఎక్కలేదు. చిలకని గుప్పిట్లో ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, ఆ మూడు చుక్కలూ నా అరచేతిలో అచ్చుపడ్డాయి.

"అబ్బా," అన్నాను, "ఫోన్ అమ్మీకివ్వు."